ఉన్న పొదుపంతా ట్రైలర్‌కే పెట్టేస్తే రిపేరుకు డబ్బెక్కడిది?

ప్రశ్న: డాలస్ శివార్లలో ఉంటాం, నెలకు 1,900 డాలర్ల అద్దె. మావారిది హెచ్1బీ, ఇంటి నుంచే పని. నాకు ఉద్యోగం లేదు. అద్దె మిగులుతుందని, వాడిన 2015 మోడల్ ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) 18,000 డాలర్లకు కొని అందులోనే కాపురం ఉందామనుకుంటున్నాం. ఇలాంటి చక్రాల ఇళ్లు నిలుపుకునే ఆర్వీ పార్కులో స్థలానికి నెలకు 800, కరెంటు వేరే. మా నెల ఖర్చు 3,500, పొదుపు 14,000. అందులోంచి 10,000 తీసి, 401(కె) రిటైర్మెంట్ ఖాతా మీద 8,000 లోన్ పెట్టి, లాగడానికి పికప్ ట్రక్కు నెలకు 620 చొప్పున ఫైనాన్స్‌లో తీసుకుంటాం. టైర్లలో గాడి బాగుంది, కానీ ట్రైలర్‌లో ఇంతవరకు ఒక్క రాత్రి కూడా ఉండలేదు. శనివారంలోగా చెప్పమంటున్నాడు అమ్మేవాడు.

జవాబు: ఇప్పుడు కొనకండి. ట్రైలర్ జీవితం చెడ్డదని కాదు, హాయిగా బతుకుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఇల్లు కొనేవాళ్లు డౌన్ పేమెంట్‌కి ఉన్నదంతా ఊడ్చిపెట్టి చేసే పొరపాటే మీరు ట్రైలర్‌తో చేయబోతున్నారు.

లెక్క చూడండి. పొదుపులోంచి 10,000 పోతే మిగిలేది 4,000. టెక్సస్‌లో సేల్స్ టాక్స్ 6.25 శాతం, అంటే ట్రైలర్‌కే 1,125. ట్రైలర్‌ని ట్రక్కుకు తగిలించే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, ట్రైలర్ బ్రేకులు నడిపే బ్రేక్ కంట్రోలర్, సర్జ్ ప్రొటెక్టర్, నీళ్ల గొట్టాలు, సీవర్ గొట్టం ఇవన్నీ కొన్నాక, మొదటి నెల గడవకముందే చేతిలో రెండు వేలు కూడా ఉండకపోవచ్చు. టైర్లలో గాడి బాగుందని రాశారు. ట్రైలర్ టైరు అరిగి కాదు, వయసు మీరి పగులుతుంది. టైరు పక్కన DOT అని మొదలయ్యే నంబరులో చివరి నాలుగు అంకెలు చూడండి, 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైంది, గాడి ఎంత లోతున్నా మార్చాల్సిందే. షవర్ పక్కన, కిటికీల కింద నేలను కాలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగితే పైకప్పు నుంచి నీళ్లు దిగి లోపలి చెక్క కుళ్లిందన్నమాట. అది వందల్లో తేలే రిపేరు కాదు.

ఎండాకాలం మధ్యలో ఏసీ పోయిందనుకోండి. ట్రైలర్‌ని షాపులో వదిలితే మీ ఇల్లే షాపులో ఉంటుంది. పార్టు వచ్చేదాకా హోటల్లో ఉండాలి, పార్కు అద్దె, ట్రక్కు వాయిదా మాత్రం ఆగవు. ఆ బిల్లు క్రెడిట్ కార్డు మీదికి పోతుంది, అక్కడి నుంచి కథ ఎటు పోతుందో చాలా ఇళ్లలో చూశాను.

నెల ఖర్చు 3,500 అన్నారు. ఒక్క జీతం, అదీ ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే ఉండే వీసా మీద. ఇలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 21,000 బ్యాంకులో ఉండి తీరాలి. ట్రైలర్ సంగతి పక్కన పెట్టినా మీకు ఇప్పటికే 7,000 తక్కువ! కొనేట్టయితే రిపేర్లకని ఇంకో 5,000 విడిగా ఉండాలంటాను, ఇందులో నేను తగ్గను.

ఇక ఆ 401(కె) లోన్. ఉద్యోగం పోతే మిగిలిన బాకీని సాధారణంగా తర్వాతి ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి, లేకపోతే అది ఆదాయం కింద లెక్క, పైగా సాధారణంగా 10 శాతం పెనాల్టీ. జీతం ఆగినప్పుడే మీద పడే అప్పు ఇది, దాంతో ఏటా ధర పడిపోయే వస్తువు కొంటారా? పైగా ఆదా అనుకుంటున్నది ఎంతని? 800, 620 కలిపితే 1,420. కరెంటు, ప్రొపేన్, రెండు ఇన్సూరెన్సులు, 401(కె) వాయిదా పోతే మిగిలేది మహా అయితే వందో రెండొందలో. దానికోసం రెండు అప్పులా!

ఇన్సూరెన్స్ కంపెనీకి అందులోనే కాపురం ఉంటామని ముందే చెప్పి ఫుల్‌టైమర్ పాలసీ అడగండి. మామూలు ఆర్వీ పాలసీ సెలవులకు వాడుకునేవాళ్లది, దాంతో కాపురం ఉంటే క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. పదేళ్లు దాటిన ట్రైలర్లను కొన్ని పార్కులు రానివ్వవు, ఆ 800 పార్కులో అడిగారా? వేరే ఊళ్లు తిరుగుతూ పని చేద్దామనుకుంటే ముందు కంపెనీ లాయర్‌తో మాట్లాడండి, పనిచేసే చోటు డాలస్ మెట్రో పరిధి దాటితే హెచ్1బీకి సవరణ పిటిషన్ కావాల్సి రావచ్చు. చిరునామా మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకు తెలపడమూ తప్పదు.

లీజు అయ్యాక చిన్న అపార్ట్‌మెంట్‌కి మారి ఆ తేడా సేవింగ్స్‌లో వేయండి. ఈలోగా ఒక ట్రైలర్ అద్దెకు తీసుకుని వారం రోజులు ఉండి చూడండి, ఆయన ఆఫీసు కాల్స్ అన్నీ అందులోంచే చేయాలి. అమ్మేవాడు శనివారం దాటి ఆగకపోతే వదిలేయండి. సీజన్ అయిపోయాక అక్టోబరు, నవంబరుల్లో వాడిన ట్రైలర్లు అమ్మకానికి చాలానే వస్తాయి, అప్పుడు బేరమాడే వీలు మీకే ఎక్కువ.