కంబర్లాండ్ గ్యాప్‌లో పాత వలస దారి నిజంగా మిగిలి ఉందా? పెద్దవాళ్లతో నడవొచ్చా?

టెన్నెసీలోని గాట్లిన్‌బర్గ్ వెళ్తున్నామని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా ఉంటారని, 1775లో డేనియల్ బూన్ అనే వేటగాడు పడమటికి వేసిన ‘వైల్డర్‌నెస్ రోడ్’ అనే దారి చూడ్డానికి ఒక పూట కేటాయించొచ్చా అని మీరు అడిగారు. కంబర్లాండ్ గ్యాప్ అంటే కెంటకీ, టెన్నెసీ, వర్జీనియా కలిసే చోట కొండల మధ్య ఉన్న కనుమ. గాట్లిన్‌బర్గ్ నుంచి సుమారు రెండు గంటల డ్రైవ్. నేను నాక్స్‌విల్‌లో ఉంటాను, ఊరి నుంచి చుట్టాలొస్తే స్మోకీ కొండల తర్వాత తిప్పేది అక్కడికే. కాబట్టి నా ఓటు వెళ్లమనే. మిగిలి ఉందా అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను.

కనుమ మీద మీరు నడిచే దారి 1775 నుంచి చెక్కుచెదరకుండా ఉన్నది కాదు. మొన్నమొన్నటి దాకా దాని మీంచి యూఎస్ 25ఈ అనే తారురోడ్డు పోయేది. మలుపుల్లో అన్ని ప్రమాదాలు జరిగేవి కాబట్టి స్థానికులు దానికి ‘మాసకర్ మౌంటెన్’ (ఊచకోత కొండ) అని పేరు పెట్టారు. 1996లో కొండ కింద నుంచి దాదాపు 4,600 అడుగుల పొడవున జంట సొరంగాలు తెరిచాక పైన రోడ్డును తవ్వి తీసేశారు. మట్టి నింపి, పాత పటాల సాయంతో నేల వంపును మళ్లీ తీర్చిదిద్ది, స్థానిక జాతుల చెట్లు నాటారు. 1780-1810 మధ్య ఆ కనుమ ఎలా ఉండేదో అలా కనిపించేలా చేసిన ఆ పని 2002లో పూర్తయింది. మా మామగారు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పైకి ఎక్కగానే ‘ఇంతేనా?’ అన్నారు. సంగతంతా చెప్పాక మాత్రం అక్కడి నుంచి కదలనివ్వలేదు. మట్టి ఎక్కడ పోశారు, నీళ్లు ఎటు వదిలారు, పాత అలైన్‌మెంట్ ఏది అని గట్లన్నీ వంగి వంగి చూశారు. రోడ్డు వేయడానికి అడవి కొట్టడం సర్వీసంతా చూశారట గానీ, నడుస్తున్న హైవేని అడవికి అప్పగించడం ఎక్కడా చూడలేదట.

బూన్ సంగతికొస్తే, దారిని కనిపెట్టింది ఆయన కాదు. అడవి దున్నల మందలు, వాటి వెనక చెరోకీ, షానీ అనే స్థానిక తెగల జనం ఎన్నో తరాలు నడిచిన బాట అది. తెల్లవాళ్లలో థామస్ వాకర్ 1750లోనే ఈ కనుమ గురించి రాసిపెట్టాడు. 1775లో నార్త్ కరోలినాకు చెందిన రిచర్డ్ హెండర్సన్ కెంటకీ భూమిని చెరోకీ పెద్దల దగ్గర కొనడానికి బేరం పెట్టుకుని, దారి చదును చేసే పని బూన్‌కి అప్పగించాడు. సుమారు 30 మంది గొడ్డళ్లతో బయల్దేరి, కెంటకీ నది ఒడ్డు దాకా 200 మైళ్లు చెట్లూ పొదలూ కొట్టుకుంటూ పోయారు. చివరికొచ్చేసరికి వాళ్ల మీద దాడి జరిగి ట్విట్టీ అనే ఆయన, ఆయన బానిస శామ్ చనిపోయారు. బూన్ కథ చెప్పేటప్పుడు శామ్ పేరు అంతగా వినపడదు. ఆ భూమి అమ్మకాన్ని చెరోకీల్లోనే డ్రాగింగ్ కెనూ అనే నాయకుడు గట్టిగా వ్యతిరేకించాడు. చివరికి వర్జీనియా ప్రభుత్వం హెండర్సన్ హక్కును కొట్టేసింది. బూన్ కూడా తన భూములు చాలావరకు పోగొట్టుకుని 1799లో మిస్సోరీ వెళ్లిపోయాడు.

బండ్లు పోయే వెడల్పు ఈ దారికి 1796లో గానీ రాలేదు. అప్పటికి కెంటకీ రాష్ట్రమై నాలుగేళ్లు. అంటే తొలి ఇరవై ఏళ్లూ వచ్చిన కుటుంబాలు సామాన్లు గుర్రాల మీద కట్టుకుని, పిల్లల్ని నడిపించుకుంటూ ఎక్కినవే. 1810 నాటికి ఈ కనుమ దాటినవాళ్లు రెండు నుంచి మూడు లక్షల మంది అని అంచనా. అబ్రహాం లింకన్ తాతగారి కుటుంబం కూడా అందులో ఉంది.

ఇక నడక. టెన్నెసీ వైపు కంబర్లాండ్ గ్యాప్ అనే చిన్న ఊరుంది. అక్కడి పాత ఇనుప కొలిమి పక్కనుంచి కనుమకు ఎక్కే బాట నాకు అన్నింటికన్నా ఇష్టం. వాగు చప్పుడు వింటూ అడవిలో ఎక్కుతారు. దూరం తక్కువే గానీ ఎక్కుడు ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. మీ అమ్మగారి కోసమైతే వర్జీనియా వైపు, సొరంగానికి ముందు యూఎస్ 58 మీదున్న డేనియల్ బూన్ పార్కింగ్ దగ్గర ఆగండి. అక్కడ బాట మొదట్లో వెడల్పుగా, తేలిగ్గా ఉంటుంది. అలిసిపోతే వెనక్కి తిరగొచ్చు. కనుమ చేరాక ఓపికుంటే ట్రై-స్టేట్ పీక్ ఎక్కండి. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట చిన్న మండపం ఉంటుంది, పిల్లలకు తలో రాష్ట్రంలో నిలబెట్టి ఫోటో తీయించుకోవడం సరదా. వ్యూ మాత్రం పినకిల్ ఓవర్‌లుక్‌దే. దాదాపు పై దాకా కారు పోతుంది, అక్కడి నుంచి చదునైన చిన్న నడక. కింద కనిపించే మిడిల్స్‌బరో పట్టణం ఉల్క పడి ఏర్పడిన గుంటలో ఉంది. ఆ మాట చెబితే నడవనని మొండికేసిన పిల్లలు కూడా కదులుతారు. ఒక జాగ్రత్త: 20 అడుగుల కన్నా పొడవైన బండ్లను పినకిల్ రోడ్డు మీదికి రానివ్వరు. రెండు కుటుంబాలు కలిసి పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకుంటుంటే ముందే చూసుకోండి.

ఈ కనుమ చుట్టూ ఉన్నది నేషనల్ హిస్టారికల్ పార్కు, దానికి ఎంట్రీ ఫీజు లేదు. వేసవిలో పిడుదులు, అదే టిక్స్, ఎక్కువ. పొడుగు ప్యాంట్లు వేసుకోండి, తిరిగొచ్చాక ఒళ్లంతా చూసుకోండి. చీర కుచ్చిళ్లలో కూడా. అక్టోబర్‌లో ఆకుల రంగులకు జనం వస్తారు గానీ, ఆకులు రాలిన నవంబర్ చివర్లో వెళ్లాలంటాను నేను. అప్పుడే కొండల మధ్య ఆ గాడి ఎంత లోతో, మైళ్ల పొడవున్న గోడలాంటి కొండను దాటడానికి అందరూ అక్కడికే ఎందుకొచ్చారో కంటికి తెలుస్తుంది.

గూగుల్‌లో ‘వైల్డర్‌నెస్ రోడ్ ట్రైల్’ అని వెతికితే వర్జీనియా స్టేట్ పార్కులోని ఎనిమిదిన్నర మైళ్ల బాట కూడా వస్తుంది. అది పాత రైలు కట్ట మీద వేసింది. చదునుగా, సైకిల్‌కి బాగుంటుంది, కానీ మీరడిగిన దారి అది కాదు. అయితే అదే పార్కులో 1775 నాటి మార్టిన్స్ స్టేషన్ కోట నమూనా కట్టారు, మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే ఆగండి. అటు పోయేటప్పుడు ఎడమ వైపు కొండ మీద తెల్లటి రాతి గోడలు కనిపిస్తాయి, వాటిని వైట్ రాక్స్ అంటారు. పడమరకు నడిచొచ్చే కుటుంబాలు వాటిని చూసి కనుమ దగ్గర పడిందని లెక్కేసుకునేవి.