వెనక్కి తిరిగి చూసే పాపకు గీత దాటడం నేర్పండి

అక్కా, మీ ఏడేళ్ల పాప స్కూలు పరుగుపందెంలో ముందుండి కూడా, గీత దగ్గర వెనక్కి తిరిగి చూసి నాలుగో స్థానానికి పోయిందని, అప్పట్నుంచి గ్రౌండు మాటెత్తితేనే ఏడుస్తోందని రాశారు. దిగులు పడొద్దు, పాపకు వేగం ఉంది. గీత కనబడగానే పని అయిపోయిందనుకుని అడుగు సడలించడం ఆ వయసులో మామూలే.

గీతకు పది అడుగుల అవతల మీరు చేతులు చాపి నిలబడండి. "గీత దాకా రా" అనొద్దు, "వచ్చి నన్ను ముట్టుకో" అనండి. వెనక నుంచి ఎవరూ పేరు పెట్టి కేకేయకూడదు. పిలుపు వినబడితే తల తిరగక మానదు. మన అనంతపురం ఎండలకు పొద్దున్నే ముప్ఫై, నలభై మీటర్లు మూడుసార్లు ఉరికిస్తే చాలు. ఇంకా కావాలని అడుగుతుండగానే ఆపేయండి. పందెం రోజు కొత్త బూట్లు వద్దు, కరుస్తాయి.

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి.ఉషకు సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం తప్పింది. ఆమెదీ నాలుగో స్థానమే! పడుకునేటప్పుడు పాపకు ఇది చెప్పండి. "ఎందుకు వెనక్కి చూసినావు?" అని మాత్రం ఇంట్లో ఎవరూ అడగొద్దు. వచ్చే పందేనికి పేరు ఇవ్వాలా వద్దా అనేది పాపనే చెప్పనీండి.