ఇల్లు అత్తగారి పేరున ఉన్నంత మాత్రాన మిమ్మల్ని గెంటేయలేరు

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. పెళ్లయి నాలుగేళ్లు, రెండేళ్ల పాప ఉంది. ఆయన ఉద్యోగం బెంగళూరులో, నేను అత్తమామల దగ్గర ఉంటున్నాను. నాన్న ఇస్తానన్న స్థలం రిజిస్ట్రేషన్ చేయించలేదని అత్తగారు, ఆడపడుచు రోజూ సూటిపోటి మాటలంటున్నారు. ఈ మధ్య రెండుసార్లు కొట్టారు. 'ఇల్లు నా పేరున ఉంది, బయటికి పో' అంటున్నారు అత్తగారు. నా బంగారం ఆవిడ బీరువాలోనే ఉంది. ఆయన సర్దుకుపొమ్మంటారు. కేసు పెడితే కాపురం పోతుందని అమ్మ భయం. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా ఒక మాట. మళ్లీ చేయి చేసుకుంటే వెంటనే 112కి ఫోన్ చేయండి. గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్లి, ఎవరు కొట్టారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి రాయించండి. జారిపడ్డానని మాత్రం చెప్పకండి.

ఇక అమ్మగారి భయం. కేసు అనగానే అందరికీ పోలీస్ స్టేషనే గుర్తొస్తుంది. భార్యను భర్త, అతని బంధువులు హింసించడం పాత శిక్షాస్మృతిలో 498ఏ కిందికి వచ్చే నేరం; 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షన్ అయింది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ దారి మీకు ఎప్పుడూ ఉంది, పుట్టింటికి వచ్చేసినా అక్కడే ఫిర్యాదు ఇవ్వొచ్చు. అయితే మీ ఉత్తరం చదివితే మీకు ముందు కావాల్సింది భద్రత, ఉండే చోటు, మీ బంగారం అనిపిస్తోంది. వాటికి 2005 నాటి గృహ హింస చట్టం సరిగ్గా సరిపోతుంది. దాని కింద కోర్టుకు వెళ్లడానికి విడాకులు అడగాల్సిన పనిలేదు. కొట్టొద్దని, ఇంట్లోంచి పంపొద్దని, నెలనెలా ఖర్చులు ఇవ్వాలని మేజిస్ట్రేట్ ఆర్డరు వేస్తారు. రక్షణ ఆర్డరు మీరితే ఏడాది దాకా జైలు లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇల్లు అత్తగారిదే కావచ్చు. కాపురానికి వచ్చి మీరున్నది ఆ ఇంట్లోనే కాబట్టి, కోర్టు ద్వారా తప్ప మిమ్మల్ని బయటికి పంపే వీల్లేదు. అత్తమామల పేరున ఉన్న ఇంట్లోనూ కోడలు నివాస హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్దవాళ్ల ఇబ్బందులు కూడా కోర్టు చూస్తుంది, ఒక్కోసారి వేరే ఇంటికి అద్దె కట్టమంటుంది. అదైనా మీకు మేలే.

బంగారం సంగతి అశ్రద్ధ చేయకండి. పుట్టింటివాళ్లు పెట్టినదైనా, పెళ్లిలో మీకు చదివించినదైనా అది మీ స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి, బీరువా ఎవరిదైనా సరే. ఈ రాత్రే పెళ్లి ఆల్బమ్ తీసి ఒక్కో ఫోటోలో మీ ఒంటిమీద ఏమున్నాయో రాసుకోండి: హారం, వడ్డాణం, గాజులు, నల్లపూసలు. షాపు బిల్లులుంటే నాన్నగారి దగ్గర పెట్టించండి. వాట్సాప్ మెసేజీలు, రికార్డింగులు ఏవీ డిలీట్ చేయొద్దు, ఆ ఫోన్ కూడా మార్చొద్దు. ఎవరెంత ఒత్తిడి చేసినా తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి.

నాన్నగారికి నా తరఫున చెప్పండి, ఆ స్థలం రాసిస్తే గొడవ సద్దుమణుగుతుందని అనుకోవద్దని. అడిగింది ఒకసారి ఇస్తే మరోటి అడుగుతారు. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను. పెద్దమనుషుల్లో కూర్చోబెడతామంటే కూర్చోండి, కానీ అది తేలేదాకా ఫిర్యాదు ఆపకండి.

ఫిర్యాదులో నిజంగా వేధించినవాళ్ల పేర్లే రాయండి. ఏ తేదీన ఎవరేం చేశారో రాస్తే దానికి విలువ. కోపంలో ఇంట్లో అందరినీ కలిపేస్తే కేసు పలచబడుతుంది.

మీ వారితో కూడా ఒకసారి గట్టిగా మాట్లాడండి. తల్లికి ఎదురుచెప్పమని కాదు, మిమ్మల్ని, పాపను బెంగళూరు తీసుకెళ్లమని అడగండి. కుదరదంటే ఆ జవాబు మెసేజ్‌లోనే తీసుకోండి.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. 181కి చేస్తే దగ్గర్లోని సఖి కేంద్రానికి పంపుతారు, అక్కడ కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఉంటాయి. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణ అధికారి ఉంటారు. ఆమె జరిగినదంతా నివేదికగా రాసి మేజిస్ట్రేట్‌కు పంపుతారు. చట్టం 60 రోజుల్లో తేల్చాలంటుంది గానీ చాలా చోట్ల ఆలస్యమవుతోంది. అందుకే దరఖాస్తుతోపాటే మధ్యంతర ఆర్డరు (కేసు తేలేదాకా అమల్లో ఉండే ఆర్డరు) కూడా అడగమని మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి.