టెక్ సందేహాలు: డ్రయ్యర్ కొనేముందు నీటి లెక్క

ప్రశ్న: మదనపల్లె దగ్గర మా మహిళా సంఘం మునగాకు పొడి, టమాటా ఒరుగులు తయారుచేసి అమ్మాలనుకుంటోంది. పాలికార్బనేట్ (పారదర్శక ప్లాస్టిక్) రేకుల సోలార్ డ్రయ్యర్, కరెంటు ట్రే డ్రయ్యర్, హీట్ పంప్ డ్రయ్యర్ చూశాం. మూడింటి సామర్థ్యమూ 50 కిలోలే అంటున్నారు, ధరలకు మాత్రం పొంతన లేదు. ఏది తీసుకోవాలి?

జవాబు: 50 కిలోలంటే ట్రేలలో పట్టే సరుకు బరువే తప్ప, ఒక రోజులో ఆరే సరుకు అని కాదు. డ్రయ్యర్ చేసే పని నీటిని బయటికి పంపడం కాబట్టి, గంటకు ఎన్ని లీటర్ల నీరు తీస్తుందన్నదే మీరు అడగవలసిన ప్రశ్న.

మునగాకులో సుమారు 75 శాతం నీరే. 50 కిలోల ఆకు నుంచి 36 లీటర్లకు పైగా నీరు పోతే మీకు 13 కిలోలకు పైగా పొడి మిగులుతుంది. టమాటాలో నీరు దాదాపు 94 శాతం, అంటే అదే 50 కిలోలకు 47 లీటర్ల నీరు తీస్తే చేతికొచ్చేది మూడు కిలోల పైచిలుకు ఒరుగులే. సాధారణ ట్రే డ్రయ్యర్ లీటరు నీటికి ఒకటిన్నర యూనిట్ల కరెంటు తీసుకుంటుందనుకుందాం. యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున చూస్తే కిలో మునగాకు పొడికి కరెంటు ఖర్చు 33 రూపాయలు, కిలో టమాటా ఒరుగులకు 170 రూపాయలు. కరెంటుతో టమాటా ఆరబెట్టే ఆలోచనను, సరుకుకు ముందే గట్టి ధర కుదిరితే తప్ప, పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

టమాటాకు ఎండే దిక్కు. మన ప్రాంతంలో మంచి ఎండ రోజున చదరపు మీటరుకు సుమారు ఐదు యూనిట్ల సౌరశక్తి అందుతుంది. అందులో మూడో వంతు పనికొచ్చినా రెండు లీటర్లకు పైగా నీరు ఆవిరవుతుంది. అందువల్ల 47 లీటర్లకు సుమారు ఇరవై చదరపు మీటర్ల విస్తీర్ణం కావాలి. అంతకన్నా చిన్న పెట్టెను చూపించి ఒక్క రోజులో 50 కిలోలు ఆరతాయని చెబితే నమ్మకండి. మునగాకును మాత్రం నేరుగా ఎండ తగలనివ్వకూడదు, ఆకుపచ్చ రంగూ విటమిన్ ఎ మూలమైన కెరోటినూ దెబ్బతింటాయి.

ఆకుకు 50 నుంచి 55 డిగ్రీలు చాలు. వానాకాలంలో ట్రే డ్రయ్యర్ పనిచేయదన్న భయం అక్కర్లేదు: 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలిని 55 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష తేమ 22 శాతానికి పడిపోతుంది, అంటే ఆ గాలి ఆకులోని నీటిని ఇంకా బాగా పీల్చుకోగలదు. అయితే తడి గాలి బయటికి పోయే దారి సరిగా లేకపోతే ఎంత వేడి పెట్టినా ఆకు ఆరదు సరికదా, ఉడుకుతుంది. చాలామంది అమ్మకందారులు హీటర్ గురించి గొప్పగా చెబుతారు, తడి గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఊసే ఎత్తరు.

హీట్ పంప్ యంత్రం గాలిలోని తేమను చల్లబరిచి నీరుగా వేరుచేసి, అప్పుడు విడుదలైన వేడినే తిరిగి వాడుకుంటుంది కాబట్టి, ఒక యూనిట్‌తో ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల నీరు తీయగలదు. మీ మునగాకు లెక్కలో ఇది ట్రే డ్రయ్యర్‌తో పోలిస్తే 50 కిలోల విడతకు సుమారు 35 యూనిట్ల ఆదా. ఏడాదికి 200 విడతలైతే 56 వేల రూపాయలు. ధరలో తేడా లక్షన్నర అయితే మూడేళ్ల లోపే తిరిగొస్తుంది. ఏడాదికి వంద రోజులు కూడా నడపని వారికి ఈ లెక్క కుదరదు. పైగా కంప్రెసర్ చెడితే బాగుచేసే మెకానిక్ దగ్గరలో ఉండాలి. ఫ్రిజ్ మెకానిక్ చూడగలడా అని ముందే కనుక్కోండి.

కాబట్టి మునగాకుతో, ట్రే డ్రయ్యర్‌తో మొదలుపెట్టండి; గిరాకీ ఏడాది పొడవునా నిలబడితే అప్పుడు హీట్ పంప్ చూడవచ్చు. టమాటా ధర పడిపోయే రోజులకు సోలార్ డ్రయ్యర్ విడిగా ఉంటే చాలు. ట్రేలు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలని పట్టుబట్టండి, టమాటా పులుపుకు అల్యూమినియం తినుకుపోతుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు మీ ఆకునే తీసుకెళ్లి వారి యంత్రంలో ఆరబెట్టించండి. ముందూ తర్వాతా బరువు తూచి, కరెంటు మీటర్ రీడింగ్ రాసుకుని, పై ట్రే ఆకునూ కింది ట్రే ఆకునూ పక్కపక్కన పెట్టి నలిపి చూడండి. ఒకటి పొడి అయి ఇంకోటి మెత్తగా వంగుతుంటే, ఆ యంత్రంలో గాలి అన్ని ట్రేలకూ సమానంగా అందడం లేదన్నమాట.