ఏమని పిలుస్తావో అడుగు

చి.ల.సౌ. అమ్మడికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే. మొన్న ఆదివారం మీ నాన్న ఫోను చేసి, హైదరాబాదులో నీ రెండో తరగతి పిల్లలచేత వంశవృక్షాలు గీయించబోతున్నావనీ, నెలాఖరు శనివారం వాళ్ళ తాతలను, అమ్మమ్మలను, నాయనమ్మలను బడికి పిలిచి ఆ చార్టులన్నీ గోడకు అంటించి చూపిస్తావనీ చెప్పాడు. వాడి గొంతు పొంగిపోతూ ఉంది. మన ఇంట్లో నా తరవాత నల్లబల్ల ముందు నిలబడిన ఆడపిల్లవు నువ్వే కాబట్టి నాకూ మురిపెంగానే ఉంది. అయితే ‘గోడకు అంటించి’ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది, ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఫోనులో చెబితే నువ్వు ‘అలాగే అత్తయ్యా’ అని పెట్టేస్తావు కనుక ఉత్తరమే రాస్తున్నాను. చిన్నప్పుడు ముగ్గు గీత పూర్తికాకముందే రంగులు నింపే తొందర నీది; ఆ తొందర ఇంకా పోయి ఉండదని నా అనుమానం. కాస్త నిదానంగా చదువు.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఏడేళ్ళ పిల్లలకు మూడు తరాలు చాలు. చెట్టును మూలపురుషుడి దగ్గర కాకుండా పిల్లవాడి దగ్గర మొదలుపెట్టు. ఇళ్ళకు వారం ముందే చీటీ పంపు. ఫోటోలు తెమ్మనకు, తాతది ఒకే ఒక్క ఫోటో ఉంటే దాన్ని బడికి పంపి పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

పిలుపుల విషయంలో మాత్రం నీకు కొంత తయారీ కావాలి. నీ తరగతిలో అన్ని జిల్లాల పిల్లలూ ఉంటారు. నాన్నను కన్న తల్లిని గోదావరి వైపు పిల్ల మామ్మ అంటుంది, కర్నూలు పిల్లవాడు జేజి అంటాడు, ఇంకొకరు నాయినమ్మ అంటారు. నాన్న తమ్ముడు ఒకరికి బాబాయి, ఒకరికి చిన్నాయన, ఒకరికి కాక. కరీంనగరు పిల్లవాడు బాపు అంటే తాతను అనుకునేవు, వాడు చెబుతున్నది కన్నతండ్రిని. ముస్లిం పిల్లలకు నాన్న తల్లి దాదీ, అమ్మ తల్లి నానీ. వీటిలో ఏదీ తప్పు కాదు, ఏదీ పుస్తకంలో ఉన్నదానికన్నా తక్కువ కాదు. ఈ మాటలన్నీ నల్లబల్ల మీద రాయించి ఒకరివి ఒకరిచేత పలికించు. ఆ రోజు పాఠం అదే అయినా నష్టం లేదు. పిల్లలు అంకుల్, ఆంటీ, కజిన్ అంటే కోప్పడకు కానీ ఆ కజిన్ దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఒక మగపిల్లవాడికి పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది, మేనత్త కూతురు వదినో మరదలో అవుతుంది. ఇంత తేడాను ఒక్క మాటలో కలిపేస్తే మన చుట్టరికాల లెక్క సగం మాయమవుతుంది.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నాకు ఉద్యోగం వచ్చిన నాలుగో ఏడు, కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో మూడో తరగతి నాది. పరిసరాల విజ్ఞానంలో కుటుంబం పాఠం వచ్చినప్పుడు, నువ్వు ఇప్పుడు అనుకుంటున్నట్టే, నేనూ పిల్లలచేత డ్రాయింగు కాగితాల మీద చెట్లు గీయించాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి మామిడిచెట్టు గీసి, ఆకు ఆకుకూ ఒక పేరు రాసి, రెండు చిలకలను కూడా కూర్చోబెట్టి తెచ్చింది. వాళ్ళ ఇల్లు మా వీధిలోనే. ఆ పిల్లను కన్నది పక్క ఊళ్ళో ఉండే చెల్లెలనీ, మూడో ఆడపిల్ల పుట్టగానే బారసాలనాడే పిల్లలు లేని అక్క చేతిలో పెట్టిందనీ వీధి వీధంతటికీ తెలుసు, నాకూ తెలుసు. పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు. చెట్టులో అమ్మ ఆకు మీద పెంచినామె పేరు, పిన్ని ఆకు మీద కన్నామె పేరు ఉన్నాయి. నేను ఎర్ర సిరా కలం తీసి, రెండు పేర్ల మధ్య బాణం గుర్తు గీసి, అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. అమ్మ అన్న చోట పెద్దమ్మ అని దిద్దాను. నా చేతిరాత ఎంత అందంగా ఉంటుందో నీకు తెలుసు కదా, అది కూడా అంత అందంగానే దిద్దాను. వృక్షమంటే సరిగా ఉండాలి, లెక్క తప్పకూడదు, నా మనసులో ఉన్నది అంతే.

ఆ పిల్ల చాలాసేపు నా బల్ల పక్కన నిలబడి, “మీరు తప్పు రాశారు టీచర్” అంది. అప్పుడైనా ఆగి ఉండవలసింది. ఉపాధ్యాయురాలిని పట్టుకుని తప్పు అంటుందా అని నాకు రోషం వచ్చింది. “ఇంటికెళ్ళి అడుగు” అన్నాను.

మర్నాడు బడికి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం గంట కొట్టాక ఆ పెంచిన తల్లి వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. కొంగుచాటున నాలుగు మడతలు పెట్టి తెచ్చిన ఆ కాగితాన్ని నా బల్ల మీద విప్పి, మడతలు చేత్తో సాపు చేసి, “దీనికి నేనే అమ్మనని మీరు తప్ప ఊరంతా ఒప్పుకుంది టీచరు గారూ” అని వెళ్ళిపోయింది. పిల్ల ఆ తరవాతి వారం మళ్ళీ వచ్చింది, చదువులో వెనకబడలేదు, అడిగితే జవాబు చెప్పేది. కానీ తనంతట తాను నా బల్ల దగ్గరకు ఇంకెప్పుడూ రాలేదు. నేను వెళ్ళి ఆ తల్లికి క్షమాపణ చెప్పలేదమ్మా. రోజూ వాళ్ళ ఇంటి ముందు నుంచే బడికి వెళ్ళేదాన్ని, తల దించుకుని వేగంగా నడిచేదాన్ని. రెండేళ్ళకు బదిలీ వస్తే పండగలా సామాను సర్దుకున్నాను.

చాలాకాలం తరవాత ఎక్కడో చదివాను. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా పండితుడు 1871లో లోకంలోని జాతులవారి చుట్టరికపు పిలుపులను పట్టికలుగా ప్రకటించినప్పుడు, వాటిలో తెలుగు, తమిళ పిలుపులను కూడా చేర్చాడట. తండ్రి అన్నదమ్ములను తండ్రులుగా, తల్లి అక్కచెల్లెళ్ళను తల్లులుగా పిలిచే మన పద్ధతి, అమెరికాలో సెనెకా అనే ఆదివాసుల పద్ధతితో కలవడం చూసి ఆయన ఆశ్చర్యపోయాడట. అది చదివి పుస్తకం మూసేసి కూర్చున్నాను. పెద్దమ్మ అన్న మాటలోనే అమ్మ ఉంది. పిన్నిని చిన్నమ్మ అంటాం, అందులోనూ ఉంది. అంత పాత భాషకు తెలిసిన సంగతి ఎర్ర సిరా పట్టుకున్న నాకు తెలియలేదు.

అందువల్ల నేను నీకు గట్టిగా చెప్పేది ఒక్కటే. ‘ఈమె నీకు ఏమవుతుంది’ అని పిల్లను అడగవద్దు. మనవాళ్ళకు బస్సులో పక్కన కూర్చున్నవారిని కూడా ఏమవుతారని ఆరా తీయడం అలవాటు. ఆ అలవాటును తరగతిలోకి తీసుకుపోకు. ‘ఈమెను నువ్వు ఏమని పిలుస్తావు’ అని అడుగు. ఆ ప్రశ్నకు ప్రతి పిల్లకూ జవాబు వస్తుంది, ఆ జవాబు దిద్దడానికి ఎవరికీ హక్కు లేదు. నీకు ఆ ఇంటి గుట్టు తెలిసినా సరే, తెలిసినప్పుడు మరీ ముఖ్యంగా, కలం మూత తీయకు.

ఆ తరవాతి ఏళ్ళలో నేను కాగితం మానేసి చింతపిక్కలతో చెప్పాను. నేల మీద సుద్దముక్కతో ఒక వరస కింద ఒక వరసగా గీతలు గీసుకుని, కింద తనకొక పిక్క, పైన అమ్మానాన్నలకు రెండు, ఆపైన నాలుగు పెట్టి, పక్కన ఎవరెవరు ఉంటే వారిని చేర్చుకుంటూ పోతారు. పిక్కను జరపవచ్చు, తుడిచి మళ్ళీ గీయవచ్చు, గంట కొట్టగానే అంతా సంచిలోకి పోతుంది, గోడ మీద మిగిలేది ఏమీ ఉండదు. చనిపోయినవారి పిక్కను మాత్రం తీసేయనివ్వకు, అది దాని చోటులోనే ఉండాలి. ఒకసారి ఒక పిల్లవాడు అన్నీ పెట్టి ఒక్క పిక్కను గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. గంట కొట్టేదాకా ఆ గుప్పిట విప్పలేదు. నేను అడగలేదు.

ఇంకొకటి, పుస్తకాల్లో బొమ్మ వేసినట్టు కొమ్మలు ఎప్పుడూ విడివిడిగా పైకి పోవు. మన ఇల్లే చూడు. మా అమ్మను, అంటే మీ నాయనమ్మను, ఆమె మేనమామకే ఇచ్చారు. నేను అమ్మమ్మ అని పిలిచిన మనిషి మా నాన్నకు స్వయానా అక్క, కాబట్టి నాకు మేనత్త కూడా. ఎవరికైనా ముత్తాతల వరసలో ఎనిమిదిమంది ఉండాలి. నా లెక్క వేస్తే మా నాన్న తల్లిదండ్రులే మళ్ళీ పై వరసలో కూడా వచ్చి కూర్చుంటారు. చిన్నప్పుడు ఈ లెక్క వేసి తల తిరిగి మా అమ్మను అడిగితే, “రెండు చోట్లా వాళ్ళే ఉంటే రెండు రెట్లు ముద్దు చేస్తారులే” అంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట మేనరికాన్ని కాదనలేదు. నీ తరగతిలో ఒక పిల్ల పిక్కలు ఇలా గుండ్రంగా తిరిగివస్తే మిగతావాళ్ళను నవ్వనివ్వకు, నువ్వూ అక్కడ ఆరోగ్యపాఠం మొదలుపెట్టకు.

ఆడవాళ్ళ పేర్లు తప్పకుండా చెప్పించు. మా చిన్నప్పుడు వంశరాజులు ఊళ్ళోకి వచ్చి, అరుగు మీద కూర్చుని, మన గోత్రమూ తరతరాల పేర్లూ పాటలా చెప్పి, వడ్లు పెట్టించుకుని వెళ్ళేవారు. అన్నీ మగపేర్లే. మా అమ్మ పేరు ఏదని నేను అడిగితే ఆ పెద్దాయన నవ్వి, ఆడపిల్ల పేరు అత్తవారింటి లెక్కలో ఉంటుందన్నాడు. కానీ మా అమ్మ అత్తవారిల్లు అదే, ఆ లెక్కలో లేదు. నీ పిల్లలను అమ్మమ్మ పేరు అడిగి చూడు, సగంమంది అమ్మమ్మ పేరు అమ్మమ్మే అంటారు. ఆ రాత్రికి ఇంటిపని అదే ఇవ్వు: అమ్మమ్మను, నాయనమ్మను పేరు అడిగి, ఆ పేరు ఎవరు పెట్టారో కనుక్కుని రమ్మను.

పెళ్ళి కాని మేనత్తలు, పిల్లలు లేని బాబాయిలు, ఇంట్లోనే ఉండిపోయిన దూరపు చుట్టం ముసలమ్మ, వీళ్ళకు చార్టులో కొమ్మ దొరకదు. పిక్కలకు ఆ ఇబ్బంది లేదు, పక్కన పెడితే సరిపోతుంది. ఇది నా స్వార్థం కొద్దీ చెబుతున్నానని అనుకున్నా అనుకో.

పోయిన సంక్రాంతికి నీ కూతురు నా ఒళ్ళో కూర్చుని, తోడిపిల్లలకు నన్ను చూపించి “ఈమె మా ఊరమ్మమ్మ” అని చెప్పింది. వరస ప్రకారం చూస్తే, నాకు కొడుకు ఉంటే నీకు బావ అయ్యేవాడు, కాబట్టి దానికి నేను నాయనమ్మ వరస. నేను దిద్దలేదు.

మీ నాన్న వచ్చే గురువారం బయలుదేరుతున్నాడు. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి, పెద్ద హార్లిక్సు సీసా నిండా పోసి వాడి చేతికి ఇస్తున్నాను. నలభైమంది పిల్లలకు సరిపోతాయి. చాలకపోతే రాయి, ఇంకా ఉన్నాయి.

ఇట్లు,
మీ అత్తయ్య