ఒకే షీటు, రెండు అంకెలు: తప్పెవరిది?

ప్రశ్న: మాది చిన్న వర్క్‌షాపు. డ్రోన్ చేతుల కోసం కార్బన్ ఫైబర్ గుడ్డతో (చదరపు మీటరుకు 200 గ్రాములది) వాక్యూమ్ ఇన్ఫ్యూజన్ (గుడ్డను బ్యాగుతో కప్పి, గాలి లాగేసి, రెసిన్ అనే జిగురును పీల్పించే పద్ధతి) షీట్లు చేస్తాం. పరీక్షలు ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో జరుగుతాయి. రెండు షీట్లకూ అవే 8 పొరలు, అదే ఎపాక్సీ రెసిన్. మొదటిదానికి తన్యబలం (లాగితే తెగే బలం) 600 మెగాపాస్కల్స్ వచ్చింది, రెండోదానికి 490. మిషన్‌లో లోపమని మేం, షీటులో లోపమని వాళ్లు. మందాలు 1.62, 1.98 మి.మీ.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జవాబు మీ ఆఖరి వాక్యంలోనే ఉంది. 600ను 1.62తో, 490ని 1.98తో గుణించండి. రెండూ 970 దగ్గర తేలతాయి. అంటే మిల్లీమీటరు వెడల్పుకు 970 న్యూటన్ల దగ్గరే రెండు షీట్లూ తెగాయి. లాగుడును మోసేది దాదాపుగా ఫైబరే, అది రెండింట్లోనూ సమానం. రెండోదానిలో రెసిన్ ఎక్కువై మందం పెరిగింది. బలాన్ని ఆ మందంతో భాగించేసరికి అంకె పడిపోయింది. మిషన్‌ను తిట్టుకోనక్కర్లేదు.

ఫైబర్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.8 గ్రాములు అనుకుంటే, మీ 8 పొరల్లో ఫైబర్ ఒక్కటే 0.89 మి.మీ. మందం. మొదటి షీటులో దాని వాటా 55 శాతం, రెండోదానిలో 45. అదనపు రెసిన్ చదరపు మీటరుకు 430 గ్రాముల పైమాటే. డ్రోన్‌కు అది దండగ బరువు.

రెసిన్ ఎందుకు మిగిలింది? మామూలుగా కారణాలు రెండు. ఒకటి, బ్యాగు లీకు. రెసిన్ వదలకముందే పంపు వాల్వు కట్టేసి 10 నిమిషాలు గేజీ చూడండి. 5 మిల్లీబార్లకు మించి పెరిగితే సీలెంట్ టేపు మూలలు, మడతలు వెతకండి. రెండోది ఎక్కువ మంది చేసే పొరపాటు: గుడ్డంతా తడిశాక కూడా రెసిన్ గొట్టం తెరిచి ఉంచడం. అటువైపు బ్యాగులో గాలి పీడనమే ఉంటుంది కాబట్టి గుడ్డ ఉబ్బుతుంది. గుడ్డ తడవగానే రెసిన్ గొట్టం బిగించి, రెండో కొసన వాక్యూమ్ కొనసాగించాలి. రెసిన్ వచ్చిన కొసన, పోయిన కొసన మైక్రోమీటరుతో కొలిస్తే సంగతి అక్కడే తెలిసిపోతుంది.

అలాగని ల్యాబును పూర్తిగా వదలొద్దు. షీటు నుంచి కోసి పరీక్షించిన పట్టీలు, విరిగినవే, అడిగి తీసుకోండి. అన్నీ మిషన్ బిగించి పట్టుకున్న పట్టు అంచునే తెగి ఉంటే ఆ అంకెలు షీటువి కావు, పట్టువి. ఇంకో మాట: లాగుడు పరీక్షలో గాలి బుడగల సంగతి అంతగా బయటపడదు. ఏఎస్‌టీఎం ప్రమాణాల్లో ఈ లాగుడు పరీక్ష డి3039; దాంతో పాటు డి2344 పొట్టి దూలం పరీక్ష (చిన్న ముక్కను వంచి చూసేది) కూడా చేయించండి. పొరల మధ్య బలహీనత అందులో దొరుకుతుంది.

ప్రశ్న: మేం 5 పట్టీలు పరీక్షించి సగటు ఇచ్చాం. కంపెనీ దాన్నే డిజైన్ విలువగా (భాగం ఇంత బలం మోస్తుందని లెక్కల్లో వాడే అంకెగా) వాడుకోవచ్చా?
– ఎంటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: వద్దు. డి3039 అడిగే కనీస సంఖ్య 5, అంతే. సగటును డిజైన్ విలువ చేస్తే ఇంచుమించు సగం భాగాలు దానికన్నా బలహీనంగానే ఉంటాయి. విమాన రంగంలో వాడే 'బి-బేసిస్' విలువను, కనీసం 90 శాతం నమూనాలు దాటుతాయని 95 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. దానికి తక్కువలో తక్కువ 3 బ్యాచ్‌ల నుంచి 18 పట్టీలు కావాలి.

ఈ ఖర్చు ఒక్కరే మోయకుండా అమెరికాలోని విచిటా స్టేట్ యూనివర్సిటీ ఎన్‌క్యాంప్ పేరుతో ఉమ్మడి పరీక్షల డేటా నడుపుతోంది. అదే ప్రీప్రెగ్‌ను (ముందే రెసిన్ పట్టించిన గుడ్డను) అదే పద్ధతిలో వాడే కంపెనీ మొత్తం పరీక్షలు మళ్లీ చేయక్కర్లేదు. తన షీట్లు వాటికి సరితూగుతాయని కొద్దిపాటి పట్టీలతో చూపితే చాలు.

మీ కాలేజీ, కంపెనీ కూడా సగటు ఒక్కటే కాక ప్రతి పట్టీ మందం, తెగిన చోటు ఫొటో, క్యూరింగ్ ఉష్ణోగ్రత చార్టు, ఫైబర్ రోలు నంబరు, రెసిన్ డబ్బా నంబరు రాసి పెట్టుకోండి. అన్నట్టు, ఒకే రోలుతో మూడు రోజులు మూడు షీట్లు చేస్తే, ముడిసరుకు ఒకటే కాబట్టి అవి మూడు బ్యాచ్‌లు కావు.