చార్టు సంగతి సరే, హక్కుల సంగతి?

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ పాట చార్టుల్లోకి ఎక్కాలంటే ఏం చేయాలని అడిగావు. ఎక్కించడం మన చేతిలో ఉండదు తల్లీ. మన చేతిలో ఉన్నవేంటో తెలియాలంటే అమెరికన్ గాయని, పాటల రచయిత్రి ట్రేసీ చాప్‌మన్ కెరీర్ చూడు.

1988 జూన్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. ఆమె తన పాటలు పాడేసి దిగిపోయింది. తర్వాత గాయకుడు స్టీవీ వండర్ ఎక్కే వేళకి ఆయన ఎలక్ట్రానిక్ వాద్యం తాలూకు హార్డ్ డిస్క్ కనిపించలేదు. ఆ ఖాళీలో ఆమెను మళ్లీ పిలిచారు. గిటార్ పట్టుకుని ఒక్కతే నిలబడి తన 'ఫాస్ట్ కార్' పాడింది. తర్వాత ఆ పాట అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 6వ స్థానం దాకా వెళ్లింది, అది ఉన్న తొలి ఆల్బమ్ అయితే ఆల్బమ్‌ల చార్టులో ఏకంగా 1వ స్థానానికి. అదృష్టమే, కాదనను. కానీ ఆ పాటకు బ్యాండ్ తప్పనిసరి అయ్యుంటే ఆ పిలుపు దేనికి పనికొచ్చేది? అమెరికాలో బోస్టన్ పక్కనున్న హార్వర్డ్ స్క్వేర్‌లో వీధిలో పాడి ఎదిగిన మనిషి ఆవిడ. నువ్వూ ప్రతి పాటనీ ముందు ఒక్క గిటార్‌తో నిలబెట్టు. హంగులు స్టూడియోలో చేర్చుకోవచ్చు.

రెండో ఆల్బమ్ 9 దగ్గర ఆగింది, మూడోది 53 దగ్గర. ఆ తర్వాత 1996లో 'గివ్ మీ వన్ రీజన్' 3వ స్థానానికి చేరింది. అదేమీ కొత్త పాట కాదు, 1989లోనే టీవీలో పాడింది. కాబట్టి పాత నోటుబుక్కులు పారేయకు.

ఇక అసలు విషయం. 2023లో ల్యూక్ కోంబ్స్ అనే కంట్రీ గాయకుడు 'ఫాస్ట్ కార్' మళ్లీ పాడితే అది 2వ స్థానానికి వెళ్లింది. 2009 తర్వాత టూర్లే చేయని చాప్‌మన్‌కి దాని మీద రాయల్టీ వచ్చింది, ఎందుకంటే రాసింది ఆవిడ ఒక్కతే. రికార్డింగ్ మీద హక్కు వేరు, పాట మీద, అంటే రాసిన మాటల మీద, కట్టిన ట్యూన్ మీద హక్కు వేరు. కుర్రాళ్లు అడ్వాన్సు చూసి మురిసిపోయి ఆ పాట హక్కుని రాసిచ్చేస్తారు. నీతో కూర్చుని ట్యూన్ కట్టినవాళ్లుంటే ఎవరి వాటా ఎంతో రికార్డింగ్‌కి ముందే కాగితం మీద రాసుకోండి. స్నేహితులైతే మరీ ముఖ్యం.

ఆ లేబుల్ వాళ్లిచ్చిన ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదుగా? పబ్లిషింగ్ అని, అంటే పాట హక్కుల గురించి ఉన్న పేజీలు ముందు నాకు పంపు, ఈ పనులు తెలిసిన లాయరుకీ చూపిద్దాం.

ఇట్లు,
పెదనాన్న